ఆపరేషన్ మధ్యలో సీబీడీ రాళ్లు: సీ-ఆర్మ్ లాగాలా, ప్రోబ్ కొనాలా, పచ్చ కెమెరా చాలా?

కైలాసగిరి_సర్జన్ · రాత్రి 9:12

అందరికీ నమస్కారం. విశాఖలో యాభై పడకల ఆసుపత్రికి సంబంధించిన ప్రశ్న. ల్యాప్ కోలీకి (చిన్న కన్నాలతో గాల్‌బ్లాడర్ తీసే ఆపరేషన్) వచ్చేవాళ్లలో కొందరికి ఎల్ఎఫ్‌టీ (కాలేయ పరీక్ష) కాస్త పెరిగి ఉంటుంది, అల్ట్రాసౌండ్‌లో సీబీడీ (పైత్యరసం పేగులోకి పోయే ప్రధాన నాళం) 7 మి.మీ. అని రాస్తారు, రాయి మాత్రం కనబడదు. "దిగువ భాగం గ్యాస్ వల్ల కనబడలేదు" అన్న వాక్యం ఎలాగూ ఉంటుంది. అందరినీ ఎంఆర్‌సీపీకి (పైత్యనాళాల ఎంఆర్‌ఐ) పంపితే ఖర్చూ, ఆలస్యమూ. పంపకపోతే టేబుల్ మీదే తేల్చుకోవాలి. అందుబాటులో ఉన్నవి మూడు: ఆర్థోవాళ్లతో పంచుకునే సీ-ఆర్మ్‌తో (ఓటీలో వాడే ఎక్స్-రే యంత్రం) కోలాంజియోగ్రామ్ (నాళాల్లోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే ఎక్స్-రే), కడుపు లోపల పెట్టి చూసే ల్యాప్ అల్ట్రాసౌండ్ ప్రోబ్, ఐసీజీ అనే పచ్చరంగు వెలుగుని చూపే కెమెరా. కెమెరా డెమోకి వచ్చినవాళ్లు "ఇది ఉంటే ఇక సీ-ఆర్మ్ అక్కర్లేదు సార్" అంటున్నారు. ఎంతవరకు నమ్మొచ్చు?

పాతకత్తెర · రాత్రి 9:31

ఆ చివరి మాట ముందు కొట్టేయండి. ఐసీజీలో నాళాల దారి కనబడుతుంది, రాయి కనబడదు. ఆ రంగు కాలేయం గుండా పైత్యరసంలోకి వస్తుంది. 800 నానోమీటర్ల దరిదాపుల్లో ఇన్‌ఫ్రారెడ్ పడితే 830 దగ్గర వెలుగుతుంది. ఆ వెలుగు కణజాలాన్ని దాటుకుని కెమెరా దాకా రాగలిగేది 5 నుంచి 10 మి.మీ. మందం వరకే. రాళ్లేమో సీబీడీ అడుగున, పాంక్రియాస్ (క్లోమం) వెనకా డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) గోడలోనూ ఇరుక్కుంటాయి. అక్కడి వెలుగు పైకి రాదు. సిస్టిక్ డక్ట్‌లో (గాల్‌బ్లాడర్‌ని సీబీడీకి కలిపే నాళం) పెద్ద రాయి ఉంటే పచ్చగీత మధ్యలో నల్లటి ఖాళీలా కనబడొచ్చు, అంతవరకే.

డబ్బులుంటే కొనండి, కాలో ట్రయాంగిల్‌లో (సిస్టిక్ డక్ట్, హెపాటిక్ డక్ట్, కాలేయం మధ్య చోటు) ఏది ఎటు పోతోందో చూసుకోడానికి బాగుంటుంది. రాళ్ల కోసమని మాత్రం కొనొద్దు.

రేడియో_రుషికొండ · రాత్రి 9:50

ముందు ఎవరికి చూడాలో తేల్చుకుంటే, దేనితో చూడాలన్నది సగం తేలిపోతుంది. ఏఎస్‌జీఈ (అమెరికా ఎండోస్కోపీ నిపుణుల సంఘం) 2019 లెక్క ప్రకారం స్కాన్‌లో సీబీడీ రాయి స్పష్టంగా కనబడినా, కోలాంజైటిస్ (పైత్యనాళాల ఇన్‌ఫెక్షన్) ఉన్నా, మొత్తం బిలిరుబిన్ 4 దాటి సీబీడీ కూడా వెడల్పయినా (గాల్‌బ్లాడర్ ఉన్నవాళ్లలో 6 మి.మీ. పైన) అది హై రిస్క్. వాళ్లు నేరుగా ఈఆర్‌సీపీ (నోటి నుంచి స్కోప్ పంపి సీబీడీ రాయి తీయడం) వైపు వెళ్తారు. ఎల్ఎఫ్‌టీ తేడా, వయసు 55 దాటడం, వెడల్పయిన సీబీడీ, వీటిలో ఏదో ఒకటి ఉంటే మధ్యస్థం. మీరు చెప్పిన 7 మి.మీ. మనిషి ఇందులోకే వస్తాడు. వీళ్లకి ఎంఆర్‌సీపీ, ఈయూఎస్ (స్కోప్ కొసన ఉండే అల్ట్రాసౌండ్), టేబుల్ మీద కోలాంజియోగ్రామ్, ల్యాప్ అల్ట్రాసౌండ్, నాలుగింటిలో ఏదైనా సరే అని ఆ మార్గదర్శకమే ఒప్పుకుంటోంది. కాబట్టి ఎంఆర్‌సీపీకి పంపకుండా టేబుల్ మీద చూడటం తప్పేమీ కాదు, చూసే ఏర్పాటు ఉండాలి.

ఎంఆర్‌సీపీ గురించి రెండు మాటలు. కాక్రేన్ సమీక్షలో (చాలా అధ్యయనాలు కలిపి చూసేది) దాని సెన్సిటివిటీ, అంటే ఉన్న రాయిని పట్టుకునే శక్తి, 93 శాతం, ఈయూఎస్‌ది 95. తేడా వచ్చేది 5 మి.మీ. లోపు రాళ్ల దగ్గర. మందంగా పోగేసిన బొమ్మలో నీటి తెలుపు చిన్న రాయిని మింగేస్తుంది, అందుకే సన్నటి సోర్స్ స్లైసులు కూడా పెట్టమని అడగండి. ఇంకొకటి, మూడు వారాల కిందటి ఎంఆర్‌సీపీ పట్టుకుని "సీబీడీ ఖాళీ" అనుకోవద్దు. గాల్‌బ్లాడర్ నిండా చిన్న రాళ్లున్నవాళ్లలో రాళ్లు జారుతూనే ఉంటాయి. ఆపరేషన్‌కి ముందు 24-48 గంటల్లో ఎల్ఎఫ్‌టీ మళ్లీ చేయించండి.

ఈఆర్‌సీపీ_ఎంవీపీ · రాత్రి 10:04

మేడమ్ చెప్పినదానికి మన ప్రాంతపు తోక ఒకటి తగిలించాలి. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చేవాళ్లలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా మారే జబ్బు) ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లవి పిగ్మెంట్ రాళ్లు (బిలిరుబిన్‌తో ఏర్పడేవి), చిన్న వయసులోనే వస్తాయి. రక్తకణాలు చితికిపోవడం వల్లే బిలిరుబిన్ ఎప్పుడూ పైనే ఉంటుంది, ఎక్కువ భాగం ఇన్‌డైరెక్ట్. మొత్తం బిలిరుబిన్ 4.5 చూసి హై రిస్క్ అని ఈఆర్‌సీపీకి పంపితే అనవసరంగా పాపిల్లా (సీబీడీ డుయోడినంలోకి తెరుచుకునే నోరు) కోసినట్టవుతుంది. డైరెక్ట్ ఎంత, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంత, జీజీటీ ఎంత అని చూడండి. అసలు టేబుల్ మీది కోలాంజియోగ్రామ్ బాగా పనికొచ్చేది ఇలాంటివాళ్లకే.

ఈఆర్‌సీపీని పరీక్షలా వాడొద్దని పదేపదే చెప్పేదీ ఇందుకే. తర్వాత పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చే అవకాశం నూటికి 3 నుంచి 10 దాకా ఉంటుంది. రాయి ఉందని తేలాకే ఆ స్కోప్ లోపలికి పోవాలి.

మత్తు_మహారాణిపేట · రాత్రి 10:11

సికిల్ వాళ్లని పంపేముందు మాకూ చెప్పండి. నీళ్లు ఎక్కించాలి, ఒళ్లు చల్లబడకూడదు, ఆక్సిజన్ తగ్గకూడదు. కోలాంజియోగ్రామ్ కోసం ఓటీలో ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతుందంటే ఏసీ 18లో పెట్టి కూర్చోవడం కుదరదు.

పీజీ_ఫైనల్ · రాత్రి 10:20

సార్, పుస్తకంలో కోలాంజియోగ్రామ్ నాలుగు లైన్లలో అయిపోతుంది. చేసేటప్పుడు అడుగడుగునా ఆగిపోతోంది. ఒక్కో మెట్టూ వివరంగా రాస్తారా?

పాతకత్తెర · రాత్రి 10:58

రాస్తాను. పద్ధతి పాతదే. అర్జెంటీనాలో కార్డోబా నగరపు సర్జన్ మిరిజ్జీ 1931లో మొదలుపెట్టాడు, మిరిజ్జీ సిండ్రోమ్ (ఇరుక్కున్న రాయి పక్కనున్న హెపాటిక్ డక్ట్‌ని నొక్కడం) అన్నది కూడా ఆయన పేరే. ల్యాప్‌లో చెయ్యి మారింది గానీ ఆగిపోయే చోట్లు అవే.

క్రిటికల్ వ్యూ (గాల్‌బ్లాడర్‌లోకి పోయేవి డక్ట్, ఆర్టరీ రెండే అని స్పష్టంగా కనబడటం) వచ్చాకే మొదలుపెట్టండి. గాల్‌బ్లాడర్ మెడకి ఆనించి సిస్టిక్ డక్ట్ మీద ఒక క్లిప్. సీబీడీ వైపు ఏ క్లిప్పూ వద్దు. మేరీల్యాండ్‌తో (వంకర కొస ఉన్న పట్టకారు) డక్ట్‌ని సీబీడీ వైపు నుంచి గాల్‌బ్లాడర్ వైపుకి మెల్లగా పిండుకుంటూ రండి. డక్ట్‌లో దాక్కున్న రాయిని మీరే సీబీడీలోకి తోసేసి, ఆనక సీబీడీలో రాయి దొరికిందని చెప్పుకోకూడదు కదా.

క్లిప్‌కి 3-4 మి.మీ. కింద, డక్ట్ ముందు గోడలో కత్తెరతో చిన్న గాటు. చుట్టుకొలతలో మూడో వంతు చాలు, సగం దాటకూడదు. దాటితే ట్యూబ్ తోసేటప్పుడు డక్ట్ తెగి చేతికొస్తుంది. గాటులోంచి పైత్యరసం వెనక్కి కారితే దారి తెరిచి ఉన్నట్టే. రాకపోతే ఇంకోసారి పిండండి, తరచుగా చిన్న రాయో బురదో బయటికొస్తుంది.

ట్యూబ్‌కి కుడి పక్కటెముకల కింద, సిస్టిక్ డక్ట్ గీతకి సూటిగా వచ్చేలా 14 గేజ్ క్యాన్యులా గుచ్చండి. కోణం తప్పితే తర్వాత ఎంత తిప్పినా ట్యూబ్ డక్ట్‌లోకి దిగదు. ట్యూబ్ 4 లేదా 5 ఫ్రెంచ్ (లావు కొలత) యూరెటరిక్ క్యాథెటర్, అంటే మూత్రనాళంలో వాడే సన్నటి ట్యూబ్. 5 ఫ్రెంచ్ ఇన్‌ఫాంట్ ఫీడింగ్ ట్యూబ్ వాడేవాళ్లూ ఉన్నారు, చవక. దానికి పక్క కన్నాలుంటాయి, ఒక కన్నం గాటుకి బయట ఉండిపోతే మందంతా పొత్తికడుపులోకి కారి బొమ్మ మబ్బుపట్టినట్టు వస్తుంది. యూరెటరిక్ గట్టిగా ఉంటుంది, తోయడం సులువు, వెనక గోడని పొడవడమూ సులువే.

లోపలికి ఒకటి, ఒకటిన్నర సెం.మీ. చాలు. హైస్టర్ వాల్వ్ (సిస్టిక్ డక్ట్ లోపలి మడతలు) దగ్గర ఆగిపోతే తొయ్యొద్దు. సెలైన్ నెమ్మదిగా ఎక్కిస్తూ ట్యూబ్‌ని వేళ్ల మధ్య తిప్పండి, నీళ్లే మడత తెరుస్తాయి. అప్పటికీ దిగకపోతే సన్నటి గైడ్‌వైర్ ముందు పంపండి. తర్వాత క్లిప్ సగం బిగించాలి. పూర్తిగా నొక్కితే ట్యూబ్ మూసుకుపోతుంది, వదులుగా ఉంటే కారుతుంది. 5 మి.లీ. సెలైన్ ఎక్కించి చూడండి, తేలిగ్గా పోవాలి, గాటు దగ్గర చుక్క కూడా కారకూడదు. ఓల్సెన్ క్లాంప్ (ట్యూబ్‌ని డక్ట్‌లో పట్టి ఉంచే పరికరం) ఉంటే ఈ క్లిప్ గొడవే లేదు.

పీజీ_ఫైనల్ · రాత్రి 11:06

ట్యూబ్ మరీ లోపలికి పోతే ఏమవుతుంది సార్?

పాతకత్తెర · రాత్రి 11:09

మొన సీబీడీలో కిందికి తిరిగిపోతుంది. మందు మొత్తం డుయోడినంలోకి పోతుంది, పై నాళాలు నిండవు. నాళం కోసేశామేమో అని గుండె జారిపోతుంది. ముందు ట్యూబ్ ఒక సెం.మీ. వెనక్కి లాగి మళ్లీ తీయండి.

సీఆర్మ్_గాజువాక · ఉదయం 6:15

నమస్తే సార్లూ, టెక్నీషియన్ వైపు నుంచి నాలుగు మాటలు. అసలు ఆలస్యం ఎక్కువగా ఇక్కడే అవుతుంది, చాలామంది దీన్ని పట్టించుకోరు.

పేషెంట్‌ని పడుకోబెట్టేటప్పుడే చెప్పండి. చాలా ఓటీ టేబుళ్లలో ఇనుప స్తంభం సరిగ్గా కాలేయం కింద ఉంటుంది. మనిషిని తల-కాళ్లు తిప్పి పడుకోబెట్టాలి, లేదా టేబుల్ పైభాగం జరపాలి. డ్రేపులు కట్టాక తిప్పడం కుదరదు. ఈసీజీ లీడ్లు, వాటి తీగలు కుడి పక్కటెముకల మీద నుంచి పక్కకి తీయించండి. ఒక తీగ సీబీడీ మీద పడితే చాలు, మొత్తం మళ్లీ తీయాలి.

సీ-ఆర్మ్‌లో ఎక్స్-రే ట్యూబ్ కింద, బొమ్మ పట్టే ఇంటెన్సిఫయర్ పైన. పైదాన్ని పేషెంట్‌కి వీలైనంత దగ్గరగా దించాలి, బొమ్మ బాగుంటుంది, చెదిరే రేడియేషన్ కూడా తగ్గుతుంది. తీసే ముందు టెలిస్కోప్, గ్రాస్పర్లు దారిలో లేకుండా లాగేయాలి. టేబుల్‌ని 15-20 డిగ్రీలు కుడి పక్క కిందికి వంచితే సీబీడీ వెన్నెముక మీద నుంచి తప్పుకుంటుంది. వంచకపోతే దిగువ సీబీడీ ఎల్-1, ఎల్-2 ఎముకల మీద పడి చిన్న రాయి కలిసిపోతుంది.

ఎప్రాన్ 0.25 మి.మీ. సీసానికి తక్కువ కాకూడదు, థైరాయిడ్ కాలర్ కూడా వేసుకోవాలి. టీఎల్‌డీ బ్యాడ్జి (రేడియేషన్ కొలిచేది) లోపల పెట్టాలి, ఎప్రాన్ మీద కాదు. పల్స్ మోడ్, కాలిమేషన్ (కిరణాలని కావలసిన చోటికే కుదించడం) రెండూ వాడితే మొత్తం ఫ్లోరో (కదిలే ఎక్స్-రే) ఒక నిమిషం లోపే అయిపోతుంది. మరొకటి: ఆర్థో కేసు ఎన్నింటికని ఉదయమే అడిగి రాసి పెట్టుకోండి. సీ-ఆర్మ్ పక్క ఓటీలో తుంటి ఎముక మీద ఉంటే మీ క్యాథెటర్ డక్ట్‌లో అలాగే ఎదురుచూస్తుంది.

రేడియో_రుషికొండ · ఉదయం 7:02

తమ్ముడు చెప్పినవన్నీ గోడ మీద అంటించుకోదగ్గవి. ఇక మందు సంగతి. ఐయోహెక్సాల్ 300 (కాంట్రాస్ట్ మందు) అయితే 20 మి.లీ.కి 20 మి.లీ. సెలైన్, సగం సగం. సీబీడీ 12 మి.మీ. దాటి వెడల్పయితే ఇంకా పలచన చేయండి, ఒక వంతు మందుకి రెండు మూడు వంతుల సెలైన్. చిక్కటి మందులో 3 మి.మీ. రాయి మునిగిపోతుంది, బొమ్మ మాత్రం అందంగా, తెల్లగా, అబద్ధంగా వస్తుంది.

ఎక్కించే తీరు ముఖ్యం. మొదటి 3-5 మి.లీ. చాలా నెమ్మదిగా, లైవ్ ఫ్లోరోలో. అసలు జవాబు ఈ మొదటి మందులోనే ఉంటుంది, సీబీడీ పూర్తిగా నిండకముందు రాయి అంచు కనబడుతుంది. ఆ తర్వాత 10-15 మి.లీ. ఇచ్చి పైకి నింపండి. పై నాళాలు నిండకపోతే తల కిందికి 10-15 డిగ్రీలు. కోలాంజైటిస్ అనుమానం ఉంటే బలంగా నొక్కొద్దు, చీముపట్టిన పైత్యరసం రక్తంలోకి ఎక్కి చలిజ్వరం తెప్పిస్తుంది.

పీజీ_ఫైనల్ · ఉదయం 7:15

మేడమ్, గాలి బుడగకీ రాయికీ తేడా? ప్రతిసారీ ఓటీలో దీని మీదే వాదన.

రేడియో_రుషికొండ · ఉదయం 7:40

బుడగ నున్నగా గుండ్రంగా ఉంటుంది, వరసగా నాలుగైదు కలిసి వస్తాయి, నొక్కితే సాగుతుంది. రాయికి మూలలుంటాయి, సాగదు. తల పైకి ఎత్తితే బుడగ హెపాటిక్ డక్ట్ వైపు తేలుతుంది, రాయి కిందికి దిగుతుంది. అనుమానంగా ఉంటే 10-20 మి.లీ. సెలైన్‌తో కడిగి మళ్లీ మందు ఎక్కించండి. బుడగైతే పోతుంది, లేదా చోటు మారుతుంది.

అసలు బుడగ పుట్టకుండా చూసుకోవడం సులువు. త్రీ-వే (మూడు దారుల కుళాయి) పెట్టి ఒకవైపు సెలైన్, రెండోవైపు మందు. ట్యూబ్ లోపలికి పంపే ముందే సెలైన్‌తో నింపి, రెండు కొసల్లోనూ నీటిచుక్క ఉబ్బి ఉండగా చుక్కకి చుక్క ఆనించి కలపాలి. సిరంజిని మూతి కిందికి పట్టుకుంటే గాలి పిస్టన్ దగ్గరికి పోతుంది. రెండు సిరంజిలూ ఒకేలా కనబడతాయి కాబట్టి మందున్నదానికి టేపు చుట్టండి.

ఇంకో మోసగాడు ఉన్నాడు, దిగువ కొసలో వచ్చే దొంగరాయి. ఓడీ స్ఫింక్టర్ (సీబీడీ అడుగు కొసని మూసే కండరం) బిగుసుకున్నప్పుడు సీబీడీ అడుగున పైకి ఉబ్బిన వంపు కనబడుతుంది, అచ్చం ఇరుక్కున్న రాయి తలలా. ఒక్క స్టిల్ ఫొటో తీసి వదిలేసేవాళ్లంతా దీని చేతిలో పడతారు. అర నిమిషం ఆగి మళ్లీ చూడండి. స్ఫింక్టర్ వదులయ్యాక ఆ వంపు పోయి, సన్నటి తోకలా మందు డుయోడినంలోకి జారుతుంది. రాయైతే ఆ వంపు ఎన్నిసార్లు చూసినా అక్కడే ఉంటుంది.

పొడవాటి గొట్టంలా, రెండు పక్కలా మందు గీతలతో ఖాళీ కనబడితే ఏలికపామని కూడా గుర్తుపెట్టుకోండి.

మత్తు_మహారాణిపేట · ఉదయం 8:05

స్ఫింక్టర్ బిగుసుకోవడంలో మా వాటా కూడా ఉంటుంది. ఫెంటానిల్ గాని మార్ఫిన్ గాని ఇచ్చి ఉంటే అది ఓడీని బిగిస్తుంది. మందు డుయోడినంలోకి పోవడం లేదంటే గ్లూకగాన్ 1 మి.గ్రా. ఐవీ, ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. అది దొరకని చోట హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ 20 మి.గ్రా. ఐవీ ఇస్తారు, గుండె వేగం, కంటిలో ఒత్తిడి పెరుగుతాయి కాబట్టి గ్లాకోమా, ముందే వేగంగా కొట్టుకునే గుండె ఉన్నవాళ్లకి ఇవ్వం. ఫియోక్రోమోసైటోమా (అడ్రినల్ గ్రంథి గడ్డ) ఉంటే గ్లూకగాన్ దగ్గరికి రానీయొద్దు.

తీసేటప్పుడు "ఊపిరి ఆపండి" అని ముందే చెప్పండి. వెంటిలేటర్ పది సెకన్లు ఆపితే బొమ్మ కదలదు. మీరు చెప్పకుండా తీసి, బొమ్మ మసకగా ఉందని సీఆర్మ్ తమ్ముణ్ని అనడం న్యాయం కాదు.

భీమిలి_ల్యాప్ · ఉదయం 8:40

ఇంత హంగామా చదివాక ల్యాప్ అల్ట్రాసౌండ్ తరఫున మాట్లాడకపోతే పాపం. రేడియేషన్ లేదు, డక్ట్ కోయక్కర్లేదు, మందు లేదు, గర్భిణికి కూడా వాడొచ్చు. చేయి తిరిగాక పది నిమిషాల లోపు పని.

7.5 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల, కొస వంగే ప్రోబ్, 10 మి.మీ. పోర్టులోంచి పోతుంది. మొదటి నియమం, కాలో ట్రయాంగిల్ విడదీయకముందే చూడాలి. విడదీశాక కణజాలంలో గాలి చేరుతుంది, క్లిప్పులు నీడలు వేస్తాయి. ఎపిగాస్ట్రిక్ పోర్ట్ నుంచి పెడితే నాళాలు అడ్డంగా కోసినట్టు కనబడతాయి: పోర్టల్ వెయిన్ పెద్ద ముఖంలా, పైన సీబీడీ, హెపాటిక్ ఆర్టరీ రెండు చెవుల్లా. డాప్లర్ వేస్తే ఆర్టరీలో రంగు వస్తుంది, సీబీడీలో రాదు. బొడ్డు పోర్ట్ నుంచి పెడితే పొడుగ్గా కనబడుతుంది. ప్రోబ్ తగలని చోట 100-200 మి.లీ. సెలైన్ పోస్తే నీళ్లలోంచి చూడొచ్చు. దిగువ సీబీడీకి ప్రోబ్‌ని డుయోడినం మీద పెట్టి మెల్లగా నొక్కాలి, గ్యాస్ పక్కకి పోతుంది, పాంక్రియాస్ తలే కిటికీ అవుతుంది. రాయి తెల్లగా మెరిసి వెనక నల్ల నీడ వేస్తుంది. బురదకి నీడ ఉండదు. 2-3 మి.మీ. రాయి కోలాంజియోగ్రామ్‌లో మునిగిపోయే చోట ఇందులో దొరుకుతుంది.

పాతకత్తెర · ఉదయం 9:10

ఒప్పుకుంటాను, రాయి పట్టుకోవడంలో రెండూ సమానమే. దానితో రాని జవాబులు కూడా చెప్పండి. నాళం కారుతోందా? మందు డుయోడినంలోకి పోతోందా? కుడి పోస్టీరియర్ డక్ట్ (కాలేయం కుడి వెనక భాగపు నాళం) విడిగా వచ్చి సిస్టిక్‌లో కలిసిందా? పాంక్రియాస్‌లో కొవ్వు పేరుకున్నవాళ్లలోనూ, ఈఆర్‌సీపీ అయి సీబీడీలో గాలి ఉన్నవాళ్లలోనూ ఏం కనబడుతుంది?

భీమిలి_ల్యాప్ · ఉదయం 9:22

అవన్నీ నిజమే సార్. ప్రోబ్ ఆటోక్లేవ్‌లో వేయకూడదని కూడా చెప్పాలి, ఒక్కసారి వేస్తే పనికిరాకుండా పోతుంది. ప్లాస్మా స్టెరిలైజర్ అయినా, నానబెట్టే ద్రావణం అయినా తయారీదారు రాసిందే చేయాలి. నేర్చుకోవడానికి కూడా సమయం పడుతుంది. రాళ్లు లేవని తెలిసినవాళ్లలో రోజూ చూస్తుంటేనే మామూలు సీబీడీ ఎలా ఉంటుందో కంటికి పడుతుంది.

కైలాసగిరి_సర్జన్ · ఉదయం 9:40

వారానికి ఒకటి రెండు మధ్యస్థం కేసులు వచ్చే మాలాంటి చోట ప్రోబ్ మీద చెయ్యి తిరగదేమో అనిపిస్తోంది. అయితే కోలాంజియోగ్రామ్ అందరికీ చేయాలా, ఎంచి చేయాలా?

పాతకత్తెర · ఉదయం 10:15

ఈ తగువు తెగదు. పెద్ద దేశాల సర్జన్లే రెండు వర్గాలు. మీకు మాత్రం నా సలహా: మొదటి ఇరవై ముప్పై, సులువైన గాల్‌బ్లాడర్లలో రోగి అనుమతితో చేయండి. కష్టమైన రోజున మొదటిసారి 4 ఫ్రెంచ్ ట్యూబ్ పట్టుకుంటే డక్ట్ చినుగుతుంది. చెయ్యి పడ్డాక ఎంచుకోవచ్చు.

బొమ్మ వచ్చాక మానిటర్ వైపు ఒక చూపు చూసి "ఓకే" అనేయొద్దు. వరసగా చదవండి. సిస్టిక్ సీబీడీలో ఎక్కడ కలిసింది, పైన కామన్ హెపాటిక్ కనబడుతోందా, ఎడమ, కుడి యాంటీరియర్, కుడి పోస్టీరియర్ మూడూ నిండాయా, ఖాళీలున్నాయా, అడుగు కొస సన్నబడిందా, డుయోడినంలో మందు ఉందా, ఎక్కడైనా కారిందా. కాలేయం కుడి వెనక భాగం బోసిగా ఉంటే ఆ నాళం విడిగా వస్తోందేమో, లేదా మీ క్లిప్ కింద ఉందేమో.

ట్యూబ్ వెనక్కి లాగినా, తల కిందికి వంచినా, దిగువ సీబీడీని గ్రాస్పర్‌తో మెత్తగా నొక్కి ఉంచినా పై నాళాలు నిండకపోతే ట్యూబ్ సిస్టిక్‌లో లేదు, సీబీడీలోనే ఉందనుకోండి. కత్తెర కింద పెట్టండి. ఆ గాటు ఇంకా గాటే, దాన్ని పూర్తిగా కోస్తే కాలేయపు సర్జన్ దగ్గరికి పంపాల్సిన కేసవుతుంది. తోడుకి ఇంకొకర్ని పిలవండి.

ఈఆర్‌సీపీ_ఎంవీపీ · ఉదయం 10:48

రాయి కనబడిందనుకుందాం. అప్పుడేం చేస్తారో ఆపరేషన్ ముందే నిర్ణయం కావాలి, అనుమతి పత్రంలో కూడా రాయాలి.

3-4 మి.మీ. లోపు రాయి: గ్లూకగాన్ లేదా హయోసిన్ ఇచ్చి, అదే ట్యూబ్‌లోంచి సెలైన్‌తో బాగా కడగండి. చాలాసార్లు జారిపోతుంది. జారిందని మళ్లీ మందు ఎక్కించి చూసుకోవాలి, ఊహించుకోకూడదు.

రాయి సిస్టిక్ కలిసే చోటుకి కింద ఉండి, 6 మి.మీ. లోపు ఉండి, సిస్టిక్ డక్ట్ కాస్త వెడల్పుగా ఉంటే: డక్ట్‌లోంచే డోర్మియా బాస్కెట్ (రాయిని పట్టే తీగల బుట్ట), వీలుంటే 3 మి.మీ. కోలెడోకోస్కోప్ (నాళం లోపల చూసే స్కోప్). బాస్కెట్‌ని గుడ్డిగా డుయోడినంలోకి తోసి తెరిస్తే పాపిల్లాని పట్టుకుంటుంది. ఫ్లోరో చూస్తూ సీబీడీలోనే తెరవాలి. రాయి హెపాటిక్ డక్ట్ వైపుంటే సిస్టిక్ దారిలో మలుపు తిరగడం కష్టం. సీబీడీ 8-10 మి.మీ. దాటితేనే దాన్ని తెరిచి తీయడం గురించి ఆలోచించండి. సన్న సీబీడీని కోసి కుడితే తర్వాత బిగుసుకుపోతుంది.

ఇవేవీ కుదరకపోతే సిస్టిక్ డక్ట్‌లోంచి 0.035 అంగుళాల గైడ్‌వైర్‌ని డుయోడినంలోకి పంపి మాకు ఫోన్ చేయండి. వైర్ పొడవు 450 సెం.మీ.ది కావాలి. ఆ వైర్ పట్టుకుని వెళ్తే పాంక్రియాస్ నాళంలోకి పొరపాటున పోయే పని లేదు, పాంక్రియాటైటిస్ తగ్గుతుంది. ఓటీకి మా బృందం రాలేని రోజున, ఆపరేషన్ ముగించి తర్వాత ఈఆర్‌సీపీకి పంపండి. అలా రాయి లోపలే వదిలి ముగిస్తుంటే సిస్టిక్ మొదలుకి రెండు క్లిప్పులతో సరిపెట్టొద్దు, ఎండోలూప్ (ముడి వేసిన దారపు ఉచ్చు) కూడా వేయండి. అడుగున అడ్డు ఉంటే సీబీడీలో ఒత్తిడి పెరిగి క్లిప్ ఊడుతుంది. కేస్‌షీట్‌లో "మందు బాగా పోయింది" అని రాస్తే మాకు పని జరగదు. రాళ్లెన్ని, ఎంత సైజు, ఎక్కడున్నాయి, సీబీడీ ఎన్ని మి.మీ. అని రాసి, ఆ బొమ్మలు పెన్‌డ్రైవ్‌లో పంపండి.

ఆపరేషన్ ముందే ఈఆర్‌సీపీ అయినవాళ్లని నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టొద్దు. రెండు వారాల్లోపు గాల్‌బ్లాడర్ తీసేయమని యూరప్ మార్గదర్శకం. మిగిలిన రాళ్లు ఈలోపు మళ్లీ జారతాయి.

భీమిలి_ల్యాప్ · ఉదయం 11:05

ఐసీజీ ఎలాగూ కొంటానంటే మోతాదు కూడా రాసేద్దాం. 25 మి.గ్రా. సీసాని 10 మి.లీ. స్టెరైల్ వాటర్‌లో కలపాలి, సెలైన్‌లో వద్దు, పొడి సరిగ్గా కరగదు. 1 మి.లీ.లో 2.5 మి.గ్రా. వస్తుంది, అదే మోతాదు. కోతకి 45 నిమిషాల నుంచి గంట ముందు వార్డులోనే ఇవ్వాలి. టేబుల్ మీద పడుకున్నాక ఇస్తే కాలేయం మొత్తం పచ్చగా మండిపోయి పక్కనున్న డక్ట్ కనబడదు. కలిపాక 6 గంటల్లో వాడేయాలి. అయోడైడ్ ఉంటుంది, అలెర్జీ అడగండి. బిలిరుబిన్ బాగా పెరిగినవాళ్లలో రంగు దిగడమే ఆలస్యం.

ఓటీ_సిస్టర్ · మధ్యాహ్నం 2:30

ట్రే గురించి ఎవరూ అడగలేదు. సర్జన్ "కోలాంజియో" అన్నాక స్టోర్‌కి పరుగెత్తేది మేమే. ముందు రోజే వేసి పెట్టేవి: 14 గేజ్ క్యాన్యులా రెండు, యూరెటరిక్ 4 ఫ్రెంచ్ ఒకటి, 5 ఒకటి, త్రీ-వే, ఎక్స్‌టెన్షన్ లైన్, 20 మి.లీ. సిరంజిలు నాలుగు, రంగు టేపు, మందు, స్టెరైల్ సీ-ఆర్మ్ కవర్ రెండు. ఒక కవర్ ఎలాగూ ఎవరి మోచేయో తగిలి పాడవుతుంది.

కైలాసగిరి_సర్జన్ · మధ్యాహ్నం 2:44

సిస్టర్ గారూ, 5 ఫ్రెంచ్ ట్యూబ్ 14 గేజ్‌లోంచి పోతుందా?

ఓటీ_సిస్టర్ · మధ్యాహ్నం 2:51

బిగుతుగా పోతుంది సార్. కొన్ని కంపెనీలవి పోవు. ట్రేలో పెట్టేముందే రెండూ తడిపి, ఒకదాంట్లో ఒకటి దూర్చి చూస్తాం. పట్టేస్తే 4 వాడండి. కడుపులో గుచ్చాక చూసుకుంటే క్యాన్యులా మార్చాలి, ఆ కన్నంలోంచి గ్యాస్ పోతుంటుంది, అందరూ మా వైపే చూస్తారు.